ఈ ఒంటికి ఈ గొంతా?

సోడాసారు మూడో అంతస్తు చేరేసరికి ప్రాణం ఉసూరుమంది. లిఫ్టు ఉంది గాని, అది ఎక్కడానికి కాదు, చూసుకోవడానికి. గోడకు చెయ్యి ఆనించి నిలబడి, చొక్కా జేబులోంచి తెల్లబిళ్ళ ఒకటి తీసి చప్పరించాడు. ముప్ఫై ఏళ్ళ పోలీసు కొలువు ఆయనకు మిగిల్చింది ఆ కడుపుమంట ఒక్కటే. రోజుకు మూడు సోడాలు తాగుతాడని స్టేషన్లో తగిలించిన పేరు, రిటైరై సొంతంగా కేసులు పట్టడం మొదలెట్టాక కూడా జిడ్డులా అంటుకునే ఉంది.

టైము పదీ పది. సాయంత్రం నాలుగింటికి ఒక ఆడమనిషిని హత్య కేసులో కోర్టు ముందు నిలబెడతారు. ఒకసారి జైలు గేటు లోపలికి పోయిన మనిషిని బయటికి లాగడం ఎంత కష్టమో సోడాసారుకు బాగా తెలుసు. అలా లోపలికి తోసిన చేతులే ఆయనవి.

ఆ ఆడమనిషి అత్తగారు వరండా బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళకు నల్లద్దాలు. నిన్న రాత్రి ఆయన్ని వెతుక్కుంటూ ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడి, ఒప్పుకున్నాక గాని లేవని మనిషి.

"వచ్చావా నాయనా! మెట్ల మీదే ఎక్కడో కూలిపోయావనుకున్నా. ముందు ఊపిరి తీసుకో. నువ్వు కూడా పోతే నా కోడలికి దిక్కెవరు?"

"పోనులెండమ్మా. పోయే ఓపిక కూడా లేదు," అన్నాడు సోడాసారు పక్కన కూర్చుంటూ.

కోడలు ఈ పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఎలుక మెదడును మూడు వెంట్రుకల మందాన పొరలుగా కోయడం ఆమె పని. అందుకే ఇక్కడందరూ కోతలమ్మ అంటారు. మంగళవారం సాయంత్రం ఏడున్నరకు, ఈ అంతస్తు యజమాని లాంటి పెద్ద డాక్టరు తన గదిలో నేల మీద పడి ఉండగా వాచ్‌మన్ చూశాడు. తల పగిలి ఉంది. పక్కనే సిలిండర్లు బిగించే ఇనుప పానా. బుధవారం సాయంత్రం కాగానే కోతలమ్మను తీసుకుపోయారు.

"ఇరవై ఏళ్ళుగా మూడు వెంట్రుకల మందాన కోసే చెయ్యయ్యా అది. దానికి కోపమొస్తే పానా ఎత్తి బాదుతుందా? కూరగిన్నె దించమంటేనే పట్టుకారు కోసం ఇల్లంతా వెతుకుతుంది. మోటుపని దాని చేతికి రాదు."

"ఇది కోర్టులో చెప్తే నవ్వుతారమ్మా."

"నవ్వనీ. నాకూ దానికీ రోజూ పడదు. అది వేరే సంగతి. పడకపోయినా అది నా కోడలు."

"బాగుంది. గురువుగారి దర్యాప్తు అప్పుడే వంటింటి దాకా వచ్చినట్టుందే!"

తల తిప్పకుండానే గొంతు ఎవరిదో సోడాసారుకు తెలిసింది. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన కుర్ర ఎస్సై, ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. ఏ నేరమైనా నిమిషాల్లోకి కోసి చూపిస్తాడని డిపార్టుమెంటులో గడియారం అంటారు. ఆ పేరు అతనికి ఇష్టం కూడా.

"రావయ్యా గడియారం. నిద్రపోయి ఎన్నాళ్ళైంది?"

"రెండు రోజులు. మీరొచ్చారని తెలిసి మూడోది కూడా పోయేట్టుంది." గడియారం గోడకు ఆనుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వినండి, మీ టైమూ నా టైమూ మిగులుతుంది. మంగళవారం ఒకటీ పదిహేనుకు పెద్ద డాక్టరు తన గదిలో భోంచేశాడు. రెండు ఉడికించిన గుడ్లు, రెండు రొట్టెముక్కలు, గుప్పెడు బఠాణీలు. చూసినవాళ్ళు ఇద్దరున్నారు. శవపరీక్షలో పొట్టలో గుడ్డు గుడ్డులాగే, బఠాణీ బఠాణీలాగే ఉంది. అంటే తిన్న గంట లోపల పోయాడు. రెండూ పదిహేను దాటదు. రెండింటి నుంచి నాలుగు దాకా అందరూ కింద హాల్లో ఉపన్యాసం వింటున్నారు, నలభై మంది. పైన ఉన్నది ఇద్దరే. ఒకరు చచ్చారు. రెండోవారు రెండూ పన్నెండుకు గేటు రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు."

"నా కళ్ళాసుపత్రికి!" అంది అత్తగారు. "మూడింటికి నా కంట్లో చుక్కలు వేయిస్తోంది అది."

"మూడింటికి వేయించింది, కాదనలేదు. పని రెండింటికే అయిపోయింది."

"ఒళ్ళు చల్లబడ్డ లెక్క?" అడిగాడు సోడాసారు.

"ఆ గది చలిపెట్టె. శవపరీక్ష డాక్టరు ఒంటిగంట నుంచి ఆరు దాకా ఎప్పుడైనా అన్నాడు. పొట్ట లెక్కే గట్టిది. పానా మీద ఆవిడ వేలిముద్రలున్నాయి."

"సిలిండర్లు మార్చేది ఆవిడే కదయ్యా. పానా మీద కాక పలక మీద ఉంటాయా? మిగతావాళ్ళంతా రబ్బరు తొడుగులు లేకుండా తుమ్మడం కూడా లేదు ఇక్కడ."

"సోమవారం కోసిన పొర చెడిందని పెద్ద డాక్టరు ఆవిడ మీద అరిచాడు. అందరూ విన్నారు."

"అరిచినవాళ్ళందర్నీ చంపేట్టయితే, ఎస్సైగా ఉన్నప్పుడు నువ్వు నన్ను ఎన్నిసార్లు చంపి ఉండాలి?"

గడియారం మొహం మాడ్చుకున్నాడు. అయినా గది తాళం తీసి పక్కకు జరిగాడు. అక్కడికి పాత గురుభక్తి మిగిలే ఉంది.

*

ముందు పక్కగదిలో ఉన్న, పెద్ద డాక్టరు కింద పనిచేసే చిన్న డాక్టర్ని చూద్దామనుకున్నాడు సోడాసారు. తలుపు తియ్యగానే లోపలినుంచి చప్పుడు. టప్, టప్, టప్. చిన్న స్పీకరులోంచి వస్తోంది, సెకనుకు రెండుసార్లు.

చిన్న డాక్టరుకు నలభై అయిదేళ్ళుంటాయి. నున్నగా దువ్విన తల, మెత్తని మాట. పొద్దున్నే అత్తగారికి టీ తెచ్చి ఇచ్చింది ఈయనేనట.

"ఏమిటండీ అది, గోడ గడియారమా?"

"కణం సార్, నాడీకణం. ఎలుక మెదడులోది. పొర ఇవాళ నేనే కోసుకోవాల్సొచ్చింది." చిన్న డాక్టరు మైక్రోస్కోపు కింద బిళ్ళంత తొట్టి చూపించాడు. అందులో నీళ్ళలాంటి ద్రవం, పక్కన గొట్టంలోంచి బుడగలు, మధ్యలో గోరంత తెల్లటి పొర. పక్కనుంచి గాజు సూది ఒకటి వాలి ఉంది. మొన ఎక్కడ ముగిసిందో కంటికి ఆనలేదు. "ఆ సూది మొన ఒక్క కణానికి అతుక్కుని ఉంది. లోపలి కరెంటు మారినప్పుడల్లా స్పీకరు కొడుతుంది. దీని పని జీర్ణం."

"నా శత్రువన్నమాట."

చిన్న డాక్టరు నవ్వాడు. "తిన్నది అరగాలని మీరు ఆజ్ఞ ఇస్తారా సార్? ఇవ్వరు. మెదడు అడుగున, మెడ మొదలయ్యే చోట కాండం అని ఉంటుంది. అందులో రెండు పక్కలా ఈ కణాల గుంపులు. ఒక్కోదాని నుంచి ఒక తీగ బయల్దేరి, మెడలోంచి దిగి, పొట్టకో పేగుకో పోతుంది. ఇవి ఎవరో లేపితే లేచేవి కావు. వాటంతటవే కొట్టుకుంటూ ఉంటాయి. ఒంట్లోంచి తీసి తొట్టిలో పెట్టినా సరే, ఆక్సిజను అందినంతసేపు ఆగవు."

ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా డ్యూటీ చేస్తూ పోవడం. సోడాసారుకు ఆ కణం మీద జాలేసింది.

"తీగ తెగితే?"

"పొట్ట ఉత్త సంచీ అయిపోతుంది. పడేసింది పడేసినట్టే ఉంటుంది."

"అన్నీ ఇలాగే కొట్టుకుంటాయా?"

ఇప్పుడు చిన్న డాక్టరు గొంతులోకి ఉత్సాహం వచ్చింది. చేతులు కూడా మాట్లాడాయి. "లేదు సార్, అదే అందం. పొట్టకు పోయేవి చిన్నవి. నాలుగైదు కొమ్మలుంటాయి, చురుకు. ఒకసారి కొట్టి, ఇట్టే తేరుకుని మళ్ళీ కొడతాయి. ఇది అలాంటిదే. పేగుకు పోయేవి పెద్దవి, ఏడెనిమిది కొమ్మలు. ఒకసారి కొట్టాయంటే లోపలి కరెంటు బాగా కిందికి దిగిపోతుంది. ఆయాసం తీర్చుకుంటూ మెల్లగా పైకెక్కి, అప్పుడు ఇంకోటి. చూడక్కర్లేదు, వింటే చాలు, ఏదేమిటో చెప్పేస్తాను. ఇరవై ఏళ్ళ చెవి. పెద్దాయన ఆఖరికి పట్టుకున్నదీ అలాంటి పేగు బద్ధకస్తుణ్ణే. ఆయనకు బద్ధకస్తులంటేనే ముద్దు."

"మంగళవారం మీరెక్కడున్నారు?"

"రెండింటి నుంచి హాల్లో, మొదటి వరసలో. నాలుగింటికి అయింది. తలనొప్పిగా ఉండి అటునుంచి అటే ఇంటికెళ్ళాను."

"పైకి రాలేదు?"

"లేదు సార్. వచ్చుంటే ఆయన్ని..." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వచ్చినా ఏం లాభంలెండి. అప్పటికే రెండు గంటలైంది కదా."

టప్, టప్ అంటూనే ఉంది స్పీకరు. సోడాసారు కడుపు దానికి బదులన్నట్టు గుర్రుమంది.

*

పెద్ద డాక్టరు గది నిజంగానే చలిపెట్టె. ఎత్తు కుర్చీ, బరువైన బల్ల, బల్ల చుట్టూ ఇనుప వల. నేల మీద సుద్దగీత. తొట్టి ఎండిపోయి ఉప్పు పేరుకుని ఉంది. గోడకు కోతలమ్మ పనికాగితం వేలాడుతోంది. మంగళవారం గడిలో ఆమె గుండ్రటి రాత: 'కోత మొదలు 12:30. చివరి పొర తొట్టిలోకి 1:50.'

"ఈ కాగితం చూశావా?"

"చూశా. ఒకటీ యాభైకి ఆవిడ ఇక్కడే ఉందని ఆవిడ చేతిరాతే ఒప్పుకుంటోంది."

బల్ల మీద లావుపాటి నోటుపుస్తకం. సోడాసారు చివరి పుటలు తిరగేశాడు. పెద్ద డాక్టరుకు ఒక వింత అలవాటు ఉన్నట్టుంది. సూదికి దొరికిన ప్రతి కణానికీ పేరు పెట్టాడు. 'ఏడుపుగొట్టు. పది నిమిషాల్లో పోయింది.' 'మేనత్త. ఆపకుండా కొడుతూనే ఉంది.' శుక్రవారం రెండు దొరికాయి, 'చిట్టి', 'బుడంకాయ', రెండూ పొట్టవే. సోమవారం ఒకటే ముక్క: 'పొర చెడింది. ఏమీ దొరకలేదు.' తర్వాతి పుట కుట్టు దగ్గర చిన్న అంచు మిగిలి ఉంది. చింపేశారు.

"మంగళవారం పుట ఎవరు చింపారు?"

"చచ్చినవాడు ఏం రాస్తాడు గురువుగారూ? ఎప్పుడో చిత్తుకాగితానికి చించుకుని ఉంటాడు."

పుస్తకం కింద అచ్చుకు పోవాల్సిన వ్యాసం ఒకటి ఉంది. రాసింది చిన్న డాక్టరు. ఒక పుటలో చిన్న కణం బొమ్మ, నాలుగు కొమ్మలు. దాని పక్కనే అది కొట్టుకున్న తీరు గీతగా వేశారు. గీత ఒక్కసారి లేచి, లోయలోకి దిగి, నత్తలా పైకి పాకుతోంది. ఆ బొమ్మ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పెద్ద డాక్టరు రాశాడు: 'ఈ ఒంటికి ఈ గొంతా?'

"ఇదేమిటో?"

"వాళ్ళ గొడవలు వాళ్ళవి. మీకు నాలుగింటిదాకే టైముంది."

సోడాసారు కుర్చీలో కూలబడ్డాడు. శవపరీక్ష రిపోర్టు మోకాలి మీద పెట్టుకుని చదివాడు. రెండో పుటలో వేలు ఆగింది. 'బొడ్డుకు పైన, నిలువుగా, చాలా పాత ఆపరేషను మచ్చ.'

"ఈ మచ్చ దేనిదయ్యా?"

"అపెండిక్సు అయుంటుంది."

"అపెండిక్సు బొడ్డు పైకి ఎప్పుడు ఎక్కింది? నాకు తెలిసి కింద, కుడిపక్కన ఉండేది." సోడాసారు రిపోర్టు మూశాడు. సరిగ్గా అలాంటి మచ్చే ఆయన అన్నగారి పొట్ట మీద ఉండేది. ఇప్పటి మందులు లేని రోజుల్లో పొట్టలో పుండుకు ఒకటే వైద్యం. కోసి, పొట్టకు పోయే నరం తెంపేసేవారు. మంట పోయేది. మంటతోపాటు పొట్ట కూడా పని మానేసేది. అన్నగారు పొద్దున తిన్నది సాయంత్రం కక్కుకునేవాడు.

ఆయన ఫోను తీసి పెద్ద డాక్టరు ఇంటికి చేశాడు. ఎత్తింది ఆయన భార్యే. గొంతులో ఏడుపు అయిపోయింది. అలసట మిగిలింది.

"అమ్మా, క్షమించండి, ఒక్క ప్రశ్న. డాక్టరుగారికి ఎప్పుడైనా పొట్ట ఆపరేషను..."

"పెళ్ళికి ముందే. పుండని నరం కోసేశారట. ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద. అప్పట్నుంచి ఆయన పొట్ట ఆయన మాట వినలేదు. మధ్యాహ్నం తిన్నది సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుందనేవారు, గొంతు పట్టుకుని. పేగులకూ అంతే. అందుకేగా ఆ చదువు పట్టుకుంది. ఆయనది అన్నీ ఆలస్యమే బాబూ. అరగడం, ఇంటికి రావడం. మంగళవారం కూడా ఆలస్యమే అనుకుని అన్నం మూతపెట్టి కూర్చున్నా."

ఫోను పెట్టేశాక సోడాసారు ఇంకో తెల్లబిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

"విన్నావుగా. నీ గడియారం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆగిపోయి ఉందయ్యా. ఆయన రెండింటికి పోయినా ఆ గుడ్డు అలాగే ఉంటుంది, అయిదింటికి పోయినా అలాగే ఉంటుంది."

గడియారం రిపోర్టు లాక్కుని చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే? అయిదింటికి పోయుండొచ్చు. రెండింటికీ పోయుండొచ్చు. రెండింటికి కాదని మీరు చూపించలేదుగా. కోర్టుకు మచ్చలు చూపించి మనిషిని విడిపించుకుంటారా? ఆవిడ గేటు దాటాక ఆయన బతికున్నాడని గట్టి రుజువు తెండి, నేనే ఆవిణ్ణి జీపులో ఇంటికి దింపుతా. తేలేకపోతే నా దారికి అడ్డు రాకండి."

"మొండితనం నేను నేర్పిందే."

"అది మాత్రం బాగా నేర్పారు."

*

ఒంటిగంట దాటింది. అత్తగారు బెంచీ మీద రొట్టెముక్క తుంచుకుని తింటోంది. సగం సోడాసారు చేతిలో పెట్టింది.

"తిను. మొహం చూడు, వడలిపోయిన వంకాయలా ఉంది. పొద్దున స్టేషన్లో దానికి టిఫిను ఇచ్చినప్పుడు కూడా ఇదే చెప్పా. అదేమో తిండి మాట ఎత్తదు, నా డబ్బా చూడమను, నా డబ్బా చూడమను అంటుంది."

సోడాసారు నమలడం ఆపాడు. "ఏ డబ్బా?"

"బిస్కట్ల డబ్బా. నాకేం తెలుసు? సూది గుచ్చిన కణంలోకి ఏదో రంగు కూడా పంపుతారట. పని అయ్యాక ఆ పొరను చిన్న సీసాలో వేసి, వెండికాగితం చుట్టి, ఆ డబ్బాలో పెట్టాలట. మా ఇంట్లో వెండికాగితమంతా ఎటు పోతుందా అనుకునేదాన్ని! పెద్దాయన ఇల్లు తగలబడుతున్నా ముందు సీసా మూతపెట్టి గాని లేవడట."

"ఆ డబ్బా సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదంది. అందరూ ముట్టుకుని చెడగొడుతున్నారని ఈ నెలలోనే చోటు మార్చిందట. దానికీ పెద్దాయనకే తెలుసు."

"అమ్మా, కోసిన పొరని వెంటనే వాడతారా?"

"అబ్బే. చివరిది కోశాక గంటసేపు ఏ పొరనూ తాకకూడదట. ఆ గంటా తేరుకోవాలట, బాలింతరాల్లా. నేను ఏదైనా పని చెప్తే అదే అనేది, అత్తయ్యా, ఎలుక ముక్కకున్న విశ్రాంతి కూడా నాకు లేదు అని."

సోడాసారు లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు కటకటమన్నాయి. చివరి పొర ఒకటీ యాభైకి. గంట విశ్రాంతి. సూది గుచ్చి కణాన్ని పట్టేసరికి మూడు. మంగళవారం నాటి పొరలో రంగెక్కిన కణం ఒక్కటి ఉన్నా చాలు, పెద్ద డాక్టరు మూడు దాటాక బతికే ఉన్నాడు. అప్పటికి కోతలమ్మ కళ్ళాసుపత్రిలో ఉంది.

డబ్బా ఫ్రిజ్ అడుగు అరలో, మందుసీసాల వెనక దొరికింది. గడియారాన్ని పిలిచి అతని చేతే తీయించాడు. లోపల వెండికాగితపు పొట్లాలు, ఒక్కోదాని మీద చీటీ. అన్నిటికన్నా పైనున్న చీటీ మీద నోటుపుస్తకంలో చూసిన రాతే: 'మంగళవారం. మొద్దు బావ.'

గడియారం దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇందులో నిజంగా ఏదైనా ఉందో, ఉత్త పొరో..."

"ఆ రంగు వెలిగి కనిపించాలంటే నీలిదీపం మైక్రోస్కోపు కావాలట," అన్నాడు సోడాసారు. "అది చిన్న డాక్టరు గదిలోనే ఉంది."

*

చిన్న డాక్టరు సీసా చూసి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత మామూలుగానే చెయ్యి చాపాడు. "ఇవ్వండి సార్, నేను పెడతాను."

స్పీకరులో ఇప్పుడు ఇంకో కణం మోగుతోంది, పొద్దుటిదానికన్నా నీరసంగా. ఆయన పొరను సన్నటి కుంచెతో ఎత్తి గాజుపలక మీద పరిచాడు. దీపం వేశాడు. పొర మీద నీలిచుక్క పడింది. కళ్ళు ఆనించి చూడసాగాడు.

"ఉందా?" అడిగాడు గడియారం.

"ఏమీ కనిపించడం లేదే. ఉండండి, ఇంకాస్త పక్కకు..."

అర నిమిషం గడిచింది. నీలిచుక్క అక్కడే ఉంది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు నల్లద్దాలు తీసేసింది.

"దీపం ఆపు! ఎంతసేపు పెడతావయ్యా దాని మీద? వెలుతురుకు రంగు ఎగిరిపోతుందని కోడలు చెప్పింది. లేకపోతే వెండికాగితం దేనికి, ముద్దు కోసమా?"

గడియారం ఒక్క అంగలో ముందుకొచ్చి దీపం మీట కిందికి కొట్టాడు. చిన్న డాక్టరు చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"కంటితో వద్దు, తెర మీద పెట్టండి," అన్నాడు గడియారం. "నేను పది లెక్కపెడతా. పదికి ఫొటో తీసి దీపం ఆర్పాలి. ఒకటి."

నాలుగో అంకె దగ్గర తెర మీద ఆకుపచ్చగా వెలిగింది. అప్పటికే కాస్త వెలిసింది గాని, దాచలేనంత పెద్దది. బొద్దుగా, పక్కకు ఒరిగిన ఒళ్ళు. చుట్టూ కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. రంగు చివరంటా పాకి ఉంది. ఒకటీ రెండు నిమిషాల్లో అంతదూరం పోయేది కాదు. ఎవరో తీరిగ్గా, చాలాసేపు కూర్చుని నింపిన రంగు.

"సాలెపురుగు," అంది అత్తగారు.

"ఎనిమిది," అన్నాడు గడియారం. కొమ్మలు లెక్కపెడుతున్నాడు. లెక్క ఆపాక మెల్లగా అన్నాడు, "మూడు దాటాక... బతికే ఉన్నాడు."

"అవునయ్యా. కోతలమ్మ సంగతి అయిపోయింది. ఇక మిగిలింది ఒకటే." సోడాసారు ఎత్తు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డాక్టరుగారూ, ఇది పొట్టదా, పేగుదా?"

"చెప్పలేం సార్. మసకగా ఉంది."

"పొద్దున చెప్పారుగా."

"నేనా?"

"పెద్దాయన ఆఖరికి పట్టుకున్నది పేగు బద్ధకస్తుణ్ణి అన్నారు. ఎనిమిది కొమ్మలు. మీరన్నట్టే ఉంది."

చిన్న డాక్టరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అది... సోమవారం నాటిది అయుంటుంది."

"సోమవారం పొర చెడింది. ఏమీ దొరకలేదని ఆయనే రాసుకున్నాడు. శుక్రవారం దొరికినవి చిట్టి, బుడంకాయ. రెండూ పొట్టవే. మంగళవారం పుట ఎవరో చింపేశారు. ఈ సీసా ఉందని ఈ గదిలో గంట కిందటిదాకా ఎవరికీ తెలీదు. అసలు రెండింటికే పోయిన మనిషి కణాన్నే పట్టలేదని కదా ఇన్‌స్పెక్టరు గారు రెండు రోజులుగా మొత్తుకుంటున్నది. మీరేమో అది ఎలాంటిదో కూడా చెప్పారు. దాన్ని మీరు చూడలేదు. చూడక్కర్లేదన్నారు కదా. వింటే చాలన్నారు."

టప్. చాలాసేపు ఏమీ లేదు. టప్. స్పీకరులో కణం అలసిపోతోంది.

చిన్న డాక్టరు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడినప్పుడు ఆ మెత్తని గొంతు మారలేదు. అదే భయం కలిగించింది.

"ఆయనే వినమన్నాడు. ఉపన్యాసం అయ్యాక పైకొచ్చాను. కూర్చో, మొద్దు బావ పాడుతున్నాడు విను అన్నాడు. పది నిమిషాలు విన్నాం ఇద్దరం. తర్వాత నా వ్యాసం ముందు పెట్టాడు. నువ్వు చిన్న కణం బొమ్మ పక్కన అతికించిన గొంతు ఇదే కదరా, అన్నాడు. చిన్నవాటితో అంతసేపు సూది నిలవదు సార్. నాకు గీతలు తక్కువయ్యాయి. పాత పేగు గీతలు తెచ్చి పెట్టాను. ఈ ఒక్క వ్యాసంలో కాదు, పదకొండేళ్ళుగా." ఊపిరి తీసుకున్నాడు. "ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. గ్యాసు అయిపోతోంది, కొత్త సిలిండరు తిప్పి రా అని పంపాడు. పానాతో తిరిగొచ్చేసరికి కణాన్ని తీసేసి ఎక్కడో దాచాడు. రేపు నీ బొమ్మ పక్కన దీని బొమ్మ పెట్టి అందరికీ చూపిద్దాం అన్నాడు. చేతిలో పానా ఉందని అప్పటిదాకా నాకు గుర్తే లేదు."

గడియారం అలవాటుగా చేతి గడియారం వైపు చూసుకోబోయి, మానుకున్నాడు.

"ఎన్ని గంటలకు?" అని అడిగాడు. మూడు రోజుల్లో మొదటిసారి జవాబు తనదగ్గర పెట్టుకోకుండా అడిగాడు.

"నాలుగూ నలభై."

"నాలుగూ నలభైకి నా కోడలు నా కళ్ళు తుడుస్తోంది," అంది అత్తగారు. సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇన్‌స్పెక్టరు నాయనా, జీపులో దింపుతానన్నావట. పద. అది పొద్దుటినుంచి ఏమీ తినలేదు."